అమ్మానాన్న మొదటిసారి అమెరికా వస్తున్నారు: దారిలో, వచ్చాక ఫోన్లో నెట్ సంగతి ఎలా?

ఒంగోలు_టు_ప్లేనో | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్న వచ్చే నెలలో హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్ వస్తున్నారు. ఇద్దరికీ విదేశీ ప్రయాణం ఇదే మొదలు. మనవడితో ఆరు నెలలు గడిపి వెళ్ళాలని వాళ్ళ కోరిక, మా కోరిక కూడా. నాన్న బ్యాంకులో చేసి రిటైరయ్యారు, రెడ్‌మీ ఫోన్. అమ్మది వివో. ఇద్దరివీ ప్రీపెయిడ్ సిమ్‌లే.

దోహాలో విమానం మారడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అక్కడ మాతో మాట్లాడే దారి ఏంటి? డాలస్ వచ్చాక ఇండియా సిమ్ తీసేసి ఇక్కడిది వెయ్యాలా? పెన్షన్ అకౌంటు, ఫోన్‌పే, ఇంటి కరెంటు బిల్లు అన్నీ నాన్న నంబరు మీదే నడుస్తాయి. "ఆ నంబరు పోతే నా పనులన్నీ ఆగిపోతాయిరా" అని రోజూ ఒకటే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

సిద్దిపేట_చిన్నోడు | సోమవారం, రాత్రి 9:25

ఇండియా సిమ్ విదేశంల కూడా నడిచేటట్టు రోమింగ్ ప్యాక్ వేసి పంపు అన్నా. మస్తు సింపుల్. దిగగానే నెట్ వస్తది.

టెలికాం_మాష్టారు | సోమవారం, రాత్రి 10:40

వారం, పది రోజుల టూరుకైతే చిన్నోడు చెప్పినదే సుఖం. ఆరు నెలలకు మాత్రం అది డబ్బు దండగ. నేను టెలికాంలో చేసి రిటైరైనవాణ్ణి, కాస్త వివరంగా రాస్తాను.

ఇక్కడ రెండు వేరు వేరు పనులున్నాయి. నంబరు బతికి ఉండాలి, అంటే ఓటీపీలు రావాలి. అది ఇండియా సిమ్ పని. నెట్ కావాలి. అది అమెరికా సిమ్ పని. ఫోన్లో రెండు సిమ్‌లకు చోటుంది కాబట్టి ఏదీ తీసెయ్యక్కర్లేదు. మీ నాన్నగారికి ముందు ఈ ఒక్క మాట చెప్పండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇండియా సిమ్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ దానంతట అది ఆన్ అయి ఉండదు. బయల్దేరక ముందే కంపెనీ యాప్‌లో గానీ, స్టోర్‌కి వెళ్ళి గానీ ఆన్ చేయించాలి. చాలామంది అక్కడికెళ్ళాక చూద్దాంలే అనుకుంటారు. తీరా వెళ్ళాక యాప్ తెరిస్తే ఓటీపీ అడుగుతుంది, రోమింగ్ లేని సిమ్‌కి ఆ ఓటీపీ రాదు. అక్కడ చిక్కుపడితే ఇండియాలో ఉన్నవాళ్ళు కూడా పెద్దగా ఏమీ చెయ్యలేరు.

రోమింగ్ ఆన్ అయ్యాక, వచ్చే ఎస్సెమ్మెస్‌లకు మామూలుగా డబ్బు పడదు. వచ్చిన కాల్ ఎత్తితే పడుతుంది. ప్యాక్ లేకుండా డేటా వాడితే బిల్లు మామూలుగా ఉండదు, ప్రీపెయిడ్ అయితే ఉన్న బ్యాలెన్స్ క్షణంలో ఖాళీ. అందుకని సెట్టింగ్స్‌లో ఇండియా సిమ్ కింద "డేటా రోమింగ్" ఆఫ్‌లో ఉండాలి. మొబైల్ డేటాకు అమెరికా సిమ్‌ని ఎంచుకోవాలి. ఇంకొక మీట కూడా ఉంటుంది, దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఒక సిమ్‌లో సిగ్నల్ తగ్గితే ఫోన్ రెండో సిమ్ డేటాకు మారిపోయే ఏర్పాటు అది. ఒక్కో కంపెనీ ఫోన్లో ఒక్కో పేరుతో ఉంటుంది, సిమ్ సెట్టింగ్స్‌లోనే దొరుకుతుంది. దాన్ని వెతికి మరీ ఆఫ్ చెయ్యండి.

అమెరికా సిమ్ వేసిన రోజు వాట్సాప్ "నంబరు మార్చుకుంటారా" అని అడగొచ్చు. వద్దు అనే నొక్కాలి. పాత నంబరుతోనే అది హాయిగా నడుస్తుంది.

ఫ్రిస్కో_లక్ష్మి | సోమవారం, రాత్రి 11:05

మాష్టారు గారు చెప్పినదానికి అమెరికా వైపు సంగతి ఒకటి కలుపుతాను. ఇండియాలో కొన్న ఫోన్లన్నీ ఇక్కడ ఒకేలా పనిచెయ్యవండి. 2022లో ఇక్కడి ఫోన్ కంపెనీలు ఏటీ అండ్ టీ, టీ-మొబైల్, వెరైజాన్ మూడూ 3జీని మూసేశాయి. ఇప్పుడు మామూలు కాల్ కూడా వోల్టీ మీదే, అంటే 4జీ నెట్‌వర్క్ మీదే వెళ్ళాలి. ఏటీ అండ్ టీ తన జాబితాలో లేని ఫోన్లను అసలు రానివ్వదు, సిమ్ వేసినా ఒప్పుకోదు. రెడ్‌మీ, వివో, రియల్‌మీలు ఇక్కడ అమ్మే ఫోన్లు కావు కాబట్టి ఆ జాబితాలో దొరకడం కష్టం.

మా అత్తమామలు వచ్చినప్పుడు టీ-మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచే సిమ్‌లే తీసుకున్నాం. ఊళ్ళో బాగానే ఉంది. ఊరు దాటాక టీ-మొబైల్ ఎక్కువగా 600 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద, అంటే బ్యాండ్ 71 మీద ఆధారపడుతుంది. ఇండియా ఫోన్లలో చాలావాటికి ఆ బ్యాండ్ లేదు. పొలాల మధ్య రోడ్డు మీద మా ఫోన్లో నిండుగా సిగ్నల్ ఉంటే పక్క సీట్లో మామయ్య గారి ఫోన్లో ఒక్క గీత కూడా లేదు. ఫోన్ మోడల్ నంబరు పట్టుకుని దాని బ్యాండ్‌ల జాబితా ముందే చూసుకోండి. 2, 4, 12, 66 ఉంటే ఊళ్ళో నడిచిపోతుంది. 71 కూడా ఉంటే ఇక దిగులే లేదు.

మీ ఇంట్లో పాత ఐఫోన్ ఏదైనా పడి ఉంటే ఇంకా తేలిక. అమెరికా సిమ్ దాంట్లో వేసి బయటికి వెళ్ళేటప్పుడు వాళ్ళ చేతికివ్వండి, హాట్‌స్పాట్ పెట్టుకుంటారు. వాళ్ళ సొంత ఫోన్, ఇండియా సిమ్ కదలకుండా అలాగే ఉంటాయి.

వైజాగ్_వినయ్ | మంగళవారం, ఉదయం 7:30

ఇంత తంటా ఎందుకండీ, ఇ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్లోనే ఎక్కించుకునే సిమ్) కొనేస్తే పోలా? క్యూఆర్ స్కాన్ చేస్తే అయిపోతుంది. నేను సింగపూర్, బ్యాంకాక్ రెండుచోట్లా అలాగే వాడాను.

టెలికాం_మాష్టారు | మంగళవారం, ఉదయం 8:15

ఇ-సిమ్ మంచిదే వినయ్, ఫోన్ దానికి ఒప్పుకోవాలి. డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే ఫోన్ గుర్తింపు నంబర్లయిన ఐఎంఈఐలతో పాటు ఈఐడీ అని పొడుగు నంబరు కనిపిస్తే ఆ ఫోన్లో ఇ-సిమ్ ఉన్నట్టు. లేకపోతే లేదు. ఇంకో సంగతి, ఇ-సిమ్‌లు అమ్మే ఎయిర్‌అలో, హోలాఫ్లై యాప్‌లను అనుమతి లేదని 2024 జనవరిలో మన ప్రభుత్వం ఇండియా యాప్ స్టోర్ల నుంచి తీయించింది. ఇ-సిమ్ తీసుకునేవాళ్ళు ఎవరి దగ్గర తీసుకుంటున్నారో చూసుకుని, ఇంట్లో వైఫై ఉండగానే ఎక్కించుకోవాలి. ఎక్కించడానికే నెట్ కావాలి కదా, విమానం దిగాక నెట్ కోసం నెట్ వెతుక్కునే పరిస్థితి రాకూడదు. క్యూఆర్ ఆ ఫోన్లోనే ఉంటే దాని కెమెరాతో స్కాన్ చెయ్యడం కుదరదు. కాగితం మీద ప్రింట్ తీసుకోండి. పొరపాటున ఆ ఇ-సిమ్‌ని డిలీట్ చేస్తే చాలాసార్లు అదే క్యూఆర్ మళ్ళీ పనిచెయ్యదు, అది కూడా గుర్తుంచుకోండి.

ఒంగోలు_టు_ప్లేనో | మంగళవారం, ఉదయం 8:50

ఇప్పుడే నాన్న చేత *#06# కొట్టించాను. రెండు ఫోన్లలోనూ ఈఐడీ లేదు. రెడ్‌మీలో బ్యాండ్ 71 కూడా లేదు. లక్ష్మి గారూ, మా ఇంట్లో పాత ఐఫోన్ 11 ఉంది. మీరు చెప్పిన పద్ధతే బాగుందనిపిస్తోంది. దోహా సంగతి ఎవరూ చెప్పలేదు.

గుంటూరు_కోడలు | మంగళవారం, ఉదయం 11:20

దోహాకు సిమ్ గురించి ఆలోచించకండి. హమద్ ఎయిర్‌పోర్టులో వైఫై ఉచితం. అసలు కష్టం ఏంటంటే, పెద్దవాళ్ళు ఇంట్లో తప్ప ఎక్కడా వైఫై కలుపుకుని ఉండరు. ఇంట్లో అది ఎప్పుడో ఎవరో కలిపేసి ఇచ్చింది. ఎయిర్‌పోర్టులో పేరు మీద నొక్కగానే "కనెక్టెడ్" అని వస్తుంది, వాట్సాప్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే ఒక పేజీ తెరుచుకుని అందులో "యాక్సెప్ట్" అన్న బొత్తాం నొక్కితే గానీ నెట్ రాదు. ఆ పేజీ ఒక్కోసారి దానంతట అది రాదు, క్రోమ్ తెరిస్తే వస్తుంది.

మా అమ్మ వచ్చే ముందు మా తమ్ముడు ఇంట్లో ఆమె చేత రిహార్సల్స్ చేయించాడు. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టించి, వైఫై ఒక్కటే ఆన్ చేయించేవాడు. ఇంటి వైఫైని "ఫర్‌గెట్" చేయించి మళ్ళీ వెతికి కలపమనేవాడు. తర్వాత ఊళ్ళో మాల్‌కి తీసుకెళ్ళి అక్కడి ఉచిత వైఫైకి కలిపించాడు, అక్కడా ఇలాగే పేజీ వస్తుంది కదా. మొదట్లో అమ్మ వేలు వణికేది, ఎక్కడ ఏం నొక్కితే ఫోన్ చెడిపోతుందోనని. "చెడిపోదమ్మా, తప్పు నొక్కితే వెనక్కి వద్దాం" అని పక్కనే కూర్చునేవాడు. నాలుగు రోజులకి ఆమే మా పిన్నికి నేర్పుతోంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, ఎవర్నీ అడక్కుండా వైఫై కలుపుకుని "దిగానమ్మా, ఇడ్లీ లేదు గానీ కాఫీ ఉంది" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆ మెసేజ్ ఇప్పటికీ దాచుకున్నాను.

వాయిస్ మెసేజ్ అని ఎందుకంటున్నానంటే, గల్ఫ్ దేశాల్లో కొన్నిచోట్ల వాట్సాప్ కాల్ కలవదు. మెసేజ్‌లు మాత్రం వెళ్తాయి. దోహాలో కాల్ కలవలేదని కంగారుపడకుండా, మైక్ బొత్తాం పట్టుకుని మాట్లాడి వదిలెయ్యమనండి.

జగిత్యాల_షార్జా | మంగళవారం, మధ్యాహ్నం 2:05

అక్క చెప్పింది నిజం. యూఏఈలో వాట్సాప్‌లో చాట్ నడుస్తది, ఆడియో కాల్, వీడియో కాల్ నడవయి. ఇక్కడ మా రూంలో అందరం బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడుతం. ఇంటి దగ్గర ఉన్నోళ్ళ ఫోన్లో కూడా అదే యాప్ ఉండాలె. కొత్తగా వచ్చే మన తెలంగాణ తమ్ముళ్ళకు నా మాట ఏందంటే, విమానం ఎక్కక ముందే అమ్మ ఫోన్లో, భార్య ఫోన్లో ఆ యాప్ వేసి, ఒకసారి కాల్ చేసి చూపించి రండి. వచ్చినంక ఫోన్ల చెప్పి వేయించుడు శాన కష్టం. మొదటి నెల ఇంటి ముఖం కనబడకపోతే ఎట్లుంటదో ఇక్కడున్నోళ్ళకే తెలుసు.

వైజాగ్_వినయ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:30

వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు నెట్‌కి చూపించే యాప్) వేసుకుంటే వాట్సాప్ కాల్ కూడా కలుస్తుంది కదా?

జగిత్యాల_షార్జా | మంగళవారం, మధ్యాహ్నం 2:48

ఆ మాట ఇక్కడ చెప్పకు తమ్మీ, ఎవరన్న నిజమనుకుని చేస్తరు. 2021లో యూఏఈల వచ్చిన సైబర్ చట్టం ప్రకారం, నేరం చేసేందుకో, దాన్ని దాచేందుకో వీపీఎన్ వాడితే జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాములు. ఆఫీసుల పనికి కంపెనీలు వాడుకునేది వేరు. కూలి పనికి వచ్చినోడు ఇంటికి ఫోన్ చేసుకునేతందుకు అంత పెద్ద చిక్కుల ఎందుకు పడాలె? అనుమతి ఉన్న యాప్‌లే వాడుకోవాలె.

విజయవాడ_వ్యాపారి | మంగళవారం, సాయంత్రం 5:10

చైనా వెళ్ళేవాళ్ళ కోసం ఒక మాట. కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వాణిజ్య ప్రదర్శనకి గ్వాంగ్‌జౌ వెళ్ళేవాళ్ళు మన ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు. అక్కడ హోటల్ వైఫైలో గానీ, అక్కడి సిమ్‌లో గానీ గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ తెరుచుకోవు. ఇండియా సిమ్‌లో రోమింగ్ ప్యాక్ వేసుకుంటే మాత్రం అన్నీ వస్తాయి. రోమింగ్‌లో మన డేటా ఇండియాలోని మన కంపెనీ నెట్‌వర్క్ దాకా వెళ్ళి అక్కణ్ణుంచి ఇంటర్నెట్‌లోకి పోతుంది, అందుకని. వేగం తగ్గుతుంది, అంత దూరం తిరిగి రావాలి కదా. అయినా ఫ్యాక్టరీ వాళ్ళు పంపే శాంపిల్ ఫొటోలు అక్కడే నిలబడి ఇంటికి పంపాలంటే ఇదే దారి. చైనాలో మాత్రం నేను రోమింగ్ ప్యాక్ పార్టీనే.

నెల్లూరు_నడక | మంగళవారం, రాత్రి 8:35

యూరప్ టూరు వెళ్ళేవాళ్ళు స్విట్జర్లాండ్ దగ్గర జాగ్రత్త. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక దేశం సిమ్ మిగతా దేశాల్లో అదనపు రోమింగ్ ఛార్జీ లేకుండా నడుస్తుంది. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ కూడా అందులోనే. స్విట్జర్లాండ్ అందులో లేదు, బ్రిటన్ బయటికి వచ్చేసింది. మన టూరు ప్యాకేజీలన్నీ పారిస్ నుంచి నేరుగా స్విస్ కొండల మీదికే పోతాయి! పారిస్‌లో కొన్న సిమ్ స్విస్ కొండ టిట్లిస్ మీద పనిచెయ్యాలంటే ప్యాక్ మీద స్విట్జర్లాండ్ పేరు విడిగా రాసి ఉండాలి.

అలాగే సింగపూర్ నుంచి క్రూయిజ్ ఎక్కేవాళ్ళు ఓడ కదలగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టెయ్యండి. నడిసముద్రంలో కనిపించే సిగ్నల్ ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌ది, మామూలు రోమింగ్ ప్యాక్‌లు దానికి వర్తించవు. కొన్ని విమానాల్లోనూ ఇదే కథ. ఒంగోలు గారూ, మీ అమ్మానాన్నలకూ ఈ మాట చెప్పండి, విమానం తలుపు మూసిన దగ్గర్నుంచి దోహాలో దిగేదాకా ఫ్లైట్ మోడ్ తియ్యొద్దని.

కడప_రహీమ్_భాయ్ | మంగళవారం, రాత్రి 9:15

ఉమ్రాకి వెళ్ళేవాళ్ళకి: సౌదీలో సిమ్ కావాలంటే పాస్‌పోర్టుతో పాటు వేలిముద్ర తప్పనిసరి. కాబట్టి ఒకరు వెళ్ళి అందరికీ సిమ్‌లు తెచ్చే పని కుదరదు, పెద్దవాళ్ళను కూడా కౌంటర్ దాకా తీసుకెళ్ళాల్సిందే. హోటల్‌కి చేరాక మళ్ళీ బయటికి తిప్పేకంటే ఎయిర్‌పోర్టులోనే ఆ పని ముగించండి.

ఒంగోలు_టు_ప్లేనో | బుధవారం, రాత్రి 10:20

ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. నిన్న వీడియో కాల్‌లో నాన్న చేత రోమింగ్ ఆన్ చేయించాను, కన్ఫర్మేషన్ మెసేజ్ కూడా వచ్చింది. డేటా రోమింగ్ ఆఫ్, రెండో మీట కూడా ఆఫ్. అమ్మ పక్కింటివాళ్ళ వైఫైతో ప్రాక్టీసు మొదలుపెట్టింది.

రెండు సందేహాలు మిగిలాయి. ఆరు నెలలకు ఇండియా నంబరుకి ఏ రీచార్జ్ చేయించాలి? వాళ్ళు ఇక్కడుండగానే నవంబరు వస్తుంది, నాన్న పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నట్టు రుజువు) ఇవ్వాలి. దానికి ఏం చెయ్యాలి?

టెలికాం_మాష్టారు | గురువారం, ఉదయం 6:55

డేటా అక్కర్లేనివాళ్ళ కోసం కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు పెట్టి తీరాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలకు చెప్పింది. 365 రోజుల దాకా గడువున్నవి దొరుకుతాయి. మీకు అవసరమైనది అదే. రోమింగ్ ఆ ప్లాన్ మీద నడుస్తుందో లేదో కస్టమర్ కేర్‌ని ఒక్కమాట అడిగి, బయల్దేరక ముందే వేయించండి. ప్లాన్ గడువు తీరితే నంబరు వెంటనే పోదు, వాడకం లేకుండా 90 రోజులు దాటాకే మూస్తారు. అప్పటికీ బ్యాలెన్స్‌లో ₹20 ఉంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. కానీ గడువు తీరాక ఓటీపీలు ఆగిపోతాయి. నంబరు ఉండీ మీకు లాభం ఉండదు, అందుకని ఆ 90 రోజుల లెక్క మీద ఆధారపడొద్దు.

లైఫ్ సర్టిఫికెట్‌కి 2021 నుంచి ఫోన్‌తో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి ఉంది. జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ ఇండియాలోనే ఎక్కించి పెట్టుకోమనండి. మీ నాన్నగారి నంబరుకి ఓటీపీ వస్తుంది, ఆ సిమ్ బతికి ఉండాలి అంటున్నది ఇందుకే. ఫోన్లో కుదరకపోతే టెక్సాస్‌వాళ్ళకు హ్యూస్టన్‌లో మన కాన్సులేట్ ఉంది, అక్కడ లైఫ్ సర్టిఫికెట్ ఇస్తారు. నవంబరు చివరిదాకా ఆగకుండా ముందే కదలండి.

ఫోన్‌పే గురించి కూడా చెప్పాలి. అక్కడుండగా ఆ యాప్ తీసేసి మళ్ళీ వెయ్యొద్దు, కొత్త ఫోన్‌కి మార్చొద్దు. యూపీఐ యాప్ కొత్తగా వేసినప్పుడు ఇండియా సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ తనే పంపి సరిచూసుకుంటుంది. రోమింగ్‌లో వెళ్ళే మెసేజ్‌కి డబ్బు పడుతుంది, పైగా చాలాసార్లు అది వెళ్ళదు. కొడుకు ముచ్చటపడి కొత్త ఫోన్ కొనిచ్చినా, పాత ఫోన్ ఇండియా సిమ్‌తో అలాగే ఉండనివ్వండి.

ఫ్రిస్కో_లక్ష్మి | గురువారం, ఉదయం 9:10

ఐఫోన్ వాడే అమ్మానాన్నలు ఎవరైనా ఉంటే, ఐమెసేజ్, ఫేస్‌టైమ్ గురించి కూడా చూసుకోండి. అవి నంబరును నమోదు చేసుకోవడానికి మనకు కనిపించకుండా విదేశానికి ఒక ఎస్సెమ్మెస్ పంపుతాయి. ఇండియా సిమ్ రోమింగ్‌లో ఉన్నప్పుడు ఆ మెసేజ్‌కి ఛార్జీ పడుతుంది. ఆ సిమ్ నంబరుకి ఆ రెండూ ఆఫ్ చేసి పంపడమే మేలు.

ఒంగోలు_టు_ప్లేనో | గురువారం, రాత్రి 9:40

రీచార్జ్ అయింది, యాప్‌లు రెండూ ఎక్కాయి. ఒక చిన్న సంగతి. నాన్న ఫోన్లో నంబర్లన్నీ పది అంకెలతోనే సేవ్ అయి ఉన్నాయి. ఇక్కడి నుంచి మా బాబాయికి మామూలు కాల్ చెయ్యాలంటే కలుస్తుందా?

గుంటూరు_కోడలు | గురువారం, రాత్రి 10:02

అమెరికా సిమ్ నుంచి అలా కొడితే కలవదండి, ముందు +91 ఉండాలి. ప్లస్ గుర్తు కోసం డయల్ ప్యాడ్‌లో సున్నాని కాసేపు నొక్కి పట్టుకోవాలి. అన్నీ మార్చక్కర్లేదు, రోజూ మాట్లాడే పదిమందివి మారిస్తే చాలు. మీ నంబరు, మీ ఆవిడ నంబరు +1తో సేవ్ చేయించండి. వాటినే మీ ఇంటి అడ్రస్‌తో పాటు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి, పాస్‌పోర్టు కవర్లో పెట్టించండి. ఇమిగ్రేషన్ దగ్గర అడ్రస్ అడుగుతారు, అప్పటికి ఫోన్లో చార్జింగ్ ఉండకపోవచ్చు.

ఒంగోలు_టు_ప్లేనో | గురువారం, రాత్రి 10:10

కాగితం రేపే రాయిస్తాను. అమ్మ చేతిరాత బాగుంటుంది, తనే రాస్తుంది. అందరికీ ధన్యవాదాలు.